మిజుఅమె: గేటు పుస్తకంలో కొట్టివేయని ఒక పంక్తి

వృత్తి అనుభవం రాయమని అడిగినవారి ముందు ఫిర్యాదుల పట్టిక పెట్టడం మర్యాద కాదని నాకు తెలుసు. అయితే నేను ముప్పై నాలుగేళ్లు రబ్బరు తోటల ఆసుపత్రుల్లో డ్రెస్సర్‌గా పనిచేసినవాడిని. రోగం ఎప్పుడు మొదలైందో తేదీల వారీగా రాసుకున్న తరువాతే మందు రాయడం నా అలవాటు. అందుచేత జరిగిన అన్యాయాలను ముందుగా నమోదు చేస్తున్నాను.

1952 మార్చి 10, సోమవారం. సన్యాసమ్మ అనే తోట కూలీ చేతిలోని సీసాను గేటు దగ్గర తీసుకుని, అందులో ఉన్నదేమిటో విచారించకుండానే 'చక్కెర పాకం' అని గేటు పుస్తకంలో రాశారు.

అదే రోజు నుంచి మార్చి 13 వరకు. ఆమెను పోలీసు ఠాణాలో ఉంచారు. ఆమె ఇద్దరు కూతుళ్లు లైన్లలో, అంటే కూలీల వరుస గదుల్లో, పొరుగువారి అన్నం తిన్నారు.

1952 మార్చి 13, గురువారం. ఆ సీసాలో ఉన్నది చక్కెర కాదని రుజువైంది. రాసిన పంక్తిని కొట్టివేస్తామని అధికారి నోటితో చెప్పాడు. కొట్టివేయలేదు.

1957 ఆగస్టు 31. ఈ తేదీన జరిగిన తప్పు నాది. దాన్ని దాని చోట చెబుతాను.

1993 జూన్ 6, ఆదివారం. అదే పుస్తకం, అదే పుట, ఒక ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో కనిపించింది. కింద ఉన్న చీటీలో సన్యాసమ్మను దొంగగా వర్ణించారు.

1993 జూన్ 14, ఆగస్టు 2, అక్టోబరు 11. నేను ఆ ప్రదర్శనశాలకు మూడు లేఖలు పంపాను. జవాబు లేదు. రెండో లేఖ తరువాత టెలిఫోన్‌లో ఒక యువకుడు "చూస్తాం అంకుల్" అన్నాడు. దాన్ని నేను జవాబుగా లెక్కించను.

ఇక విషయానికి వస్తాను. 1952లో మలయాలోని మా తోట బటాంగ్ బెర్జుంటై దాటి సెలంగోర్ నది వైపు పోయే ఎర్రమట్టి దారిలో ఉండేది. కమ్యూనిస్టు గెరిల్లాలను అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీకి అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. అడవిలో ఉన్న గెరిల్లాలకు తిండి అందకూడదని ప్రభుత్వం కూలీల లైన్ల చుట్టూ ముళ్లకంచె వేయించింది. కంచెకు ఒకటే గేటు. తెల్లవారి రబ్బరు పాలు తీయడానికి వెళ్లే ప్రతి మనిషినీ ఆ గేటులో తడిమి చూసేవారు. బియ్యం, చక్కెర, డబ్బా పాలు, మందులు బయటికి పోకూడదు. ఆడవాళ్ల కొప్పులు కూడా విప్పించి చూసేవారు. టీ నీళ్లలో చక్కెర వేసుకుని సీసాలో పోసుకెళ్లే అలవాటు ఆ రోజుల్లోనే చాలా ఇళ్లలో పోయింది.

మా ఆసుపత్రి మాత్రం కంచెకు బయట, గేటుకు సరిగ్గా ఎదురుగా, దారికి అవతలి గట్టు మీద ఉండేది. పన్నెండు మంచాలు, ఒక మందుల గది, ఒక చిన్న పరీక్షల బల్ల. డ్రెస్సర్ అనే మాట వింటే గాయాలకు కట్టు కట్టేవాడని ఇప్పటివాళ్లు అనుకుంటారు. డాక్టరు నెలకు రెండుసార్లు వచ్చే తోటలో మిగతా రోజులన్నిటికీ డాక్టరూ, కాంపౌండరూ, మంత్రసానికి సాయం చేసేవాడూ డ్రెస్సరే. రోజూ చేసిన ప్రతి పనినీ నేను డే-బుక్‌లో, అంటే రోజువారీ నమోదు పుస్తకంలో, రాసేవాడిని. ఆ పుస్తకాలన్నీ క్లాంగ్‌లోని మా ఇంట్లో ఇనుప బీరువాలో ఇవాళ్టికీ ఉన్నాయి. ఈ వ్యాసంలోని తేదీలు వాటిలోనివే.

ఆ ఏడు వానల తరువాత మలేరియా బాగా వచ్చింది. పెద్దవాళ్లు మాత్ర మింగి నీళ్లు తాగేవారు. పిల్లలకు మాత్ర నూరి సిరప్‌లో కలిపి పట్టాలి. సిరప్ అంటే మందుల గదిలో చక్కెరను నీటిలో కాచి తయారుచేసే చిక్కటి పాకం, అంతే. ఆంక్షలు వచ్చాక ఆసుపత్రికి ఇచ్చే చక్కెరను బాగా తగ్గించారు. నీళ్లలో కలిపి పడితే పిల్లలు ఆ చేదుకు మందంతా ఉమ్మేసేవారు. ఉమ్మిన మందు జ్వరాన్ని తగ్గించదు. ఆ నెలలో మూడేళ్ల పిల్లవాడొకడు మా చేతుల్లోనే పోయాడు. అతని పేరు నా పుస్తకంలో ఉంది, ఇక్కడ రాయను.

సన్యాసమ్మ లైన్లలో ఆ పిల్లవాడి ఇంటి పక్క గదిలో ఉండేది. మూడో డివిజన్‌లో పాలు తీసే కూలీ, వయసు ముప్పై అయిదు ఉంటుందేమో, తనకే తెలియదు. ఆమె తల్లిదండ్రులు విజయనగరం వైపు నుంచి ఓడలో వచ్చినవాళ్లు. పిల్లవాడు పోయిన నాలుగో రోజు ఆమె ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పలచటి తేనె రంగులో, సీసా వంచితే నిదానంగా జారే పదార్థం. వేలితో రుచి చూశాను. తీపి. చక్కెరంత ఘాటు తీపి కాదు, నాలుకను మెల్లగా పట్టుకునే తీపి.

"ఇందులో కలిపి పట్టండి బాబూ. పిల్లలు ఉమ్మరు," అంది.

చక్కెర ఎక్కడిదని అడిగాను. నా గొంతులో అనుమానం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"సక్కెర లేదు బాబూ ఇందులో. కర్రపెండలం, సోళ్లు. అంతే. మిజుఅమె."

ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. జపాన్‌వాళ్ల కాలంలో దొరగారి బంగళాలో దిగిన సైనికులకు వంట చేసే ఒక జపాన్ మనిషి ఉండేవాడట. చెట్లు కొట్టేసి తోటంతా కర్రపెండలం వేసిన రోజులవి. ఆ మనిషి తన ఊళ్లో చేసే తీపిని ఇక్కడి దుంపలతో చేయించడానికి నలుగురు ఆడవాళ్లను పెట్టుకున్నాడు. వారిలో సన్యాసమ్మ ఒకతె. అతను బార్లీ మొలకలు వాడేవాడు. అవి దొరక్కపోయేసరికి ఈమె తన తల్లి దాచుకున్న చోళ్ల విత్తనాలు లైను వెనక చల్లి, పండినవాటికి మొలకలు కట్టి ఇచ్చిందట. అతను రుచి చూసి, ఈమెకు వంగి నమస్కారం చేశాడట. చోళ్లంటే మన రాగులే.

చేసే పద్ధతి మొత్తం అడిగి రాసుకున్నాను. కర్రపెండలం తురిమి, నీళ్లలో పిసికి, గుడ్డలో వడగట్టి, అడుగున పేరుకున్న పిండి తీయాలి. ఆ పిండిని గంజిలా కాచి, వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడికి చల్లార్చాలి. ఎండబెట్టి దంచిన చోళ్ల మొలకల పిండి అందులో కలిపి, కుండకు గోనె చుట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదపకుండా ఉంచాలి. గరిటె నిలబడేంత గట్టి గంజి సాయంత్రానికి నీళ్లలా పలచబడుతుంది. మొలకలో ఉన్న ఒక సత్తువ పిండిని తీపిగా విడగొడుతుందని మేము చదువుకున్నాం. సన్యాసమ్మ చదవలేదు. ఆ నీళ్లను వడగట్టి, తేనెలా అయ్యేదాకా కాస్తే అదే మిజుఅమె.

"మిజు అంటే నీళ్లు బాబూ. అమె అంటే మిఠాయి. నీళ్ల మిఠాయి. ఆడే సెప్పినాడు."

ఆమె భర్తను జపాన్‌వాళ్లే సయాం రైలుదారి పనికి తీసుకుపోయారు. తిరిగి రాలేదు. అది తెలిసినవాడిని కనుక, వాళ్ల మాట నీకెందుకు, మన పేరేదైనా పెట్టుకోరాదా అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "మా ఆయన్ని అట్టుకెళ్లినోలు ఏరు. ఈడు వంటోడు. ఆడి కాడ నేర్సుకుని నా పేరెట్టుకుంటే అది దొంగతనం కాదేటి?"

ఆ మాటను డే-బుక్‌లో అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. మర్నాటి నుంచి పిల్లల మందు మిజుఅమెలో కలిపి పట్టాము. ఉమ్మడం ఆగింది. పిల్లలు చెంచా నాకి, ఇంకా కావాలని ఏడవడం మొదలుపెట్టారు. మందు కోసం పిల్లలు ఏడవడం నా వృత్తిలో అదొక్కసారే చూశాను.

ఇక్కడ నా మొదటి తప్పు. కంచె లోపల తయారైన సీసా గేటు దాటి ఆసుపత్రికి రావాలి కనుక వారం వారం ఒక చీటీ రాసి ఇచ్చేవాడిని. 'ఆసుపత్రి మందు, సీసా ఒకటి' అని రాస్తే సరిపోయేది. నేనేమో ఉన్న పదార్థాన్ని ఉన్న పేరుతోనే రాయాలన్న పట్టుదలతో 'మిజుఅమె, సీసా ఒకటి' అని ఇంగ్లీషు లిపిలో చక్కగా రాసి సంతకం పెట్టేవాడిని. గేటు దగ్గరి పాత కాపలాదారు ఎప్పుడూ చదవలేదు. సీసా చూసి, నవ్వి, పంపించేవాడు.

మార్చి 10న గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. మలాయ్ యువకుడు, పని మీద భయం ఎక్కువ. చీటీ చదివాడు. అర్థం కాలేదు. మూత తీసి వేలితో రుచి చూశాడు. గులా అన్నాడు, అంటే చక్కెర. సన్యాసమ్మ "బుకన్ గులా, బుకన్ గులా," చక్కెర కాదు, చక్కెర కాదు అని చెప్పిందట. తియ్యగా ఉన్నది చక్కెర కాకపోతే ఏమిటని అతను అడిగాడు. ఆమెకు వచ్చిన మలాయ్‌లో ఆ కుండ కథంతా చెప్పడం సాధ్యం కాలేదు. జపాన్ మాట చీటీలో కనిపించడం మరో అనుమానానికి దారితీసింది. నేను గట్టు దిగి వచ్చేసరికి ఆమెను లారీ ఎక్కిస్తున్నారు.

ఆమె అరవలేదు. "డ్రెస్సర్ బాబూ, కుండ పొయ్యి మీదే ఉంది. మాడిపోద్ది, దింపమని సెప్పండి," అంది. అంతే.

ఆ రోజుల్లో అడవికి తిండి చేరవేశారన్న నేరం ఎంత భారమో ఇప్పటివారికి తెలియదు. జైలు ఒక్కటే కాదు. కుటుంబాన్ని లైన్ల నుంచి ఖాళీ చేయించేవారు. ఈ దేశంలో పుట్టని వారిని ఓడ ఎక్కించేవారు. సన్యాసమ్మ ఇక్కడే పుట్టింది, కానీ అది నిరూపించే కాగితం ఆమె దగ్గర లేదు. ఆమె కూతుళ్లకు పన్నెండేళ్లు, తొమ్మిదేళ్లు.

మూడు రోజులు నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. మేనేజరు దొర జోక్యం చేసుకోవడానికి ఇష్టపడలేదు. ఆఖరికి గురువారం ఉదయం పోలీసు అధికారి తోట ఆఫీసు వరండాకు వచ్చాడు. తెల్లవాడు, వయసులో నాకంటే కొంచెం పెద్ద. సన్యాసమ్మను వెంట తెచ్చారు. సీసా బల్ల మీద ఉంది, గేటు పుస్తకం పక్కన ఉంది. ఈ మాటకు అర్థమేమిటని అడిగాడు. చెప్పాను. నీళ్ల మిఠాయి అంటే చక్కెర పాకమే కదా అన్నాడు. కాదు, ఇది పిండి నుంచి వచ్చినది, రుజువు చేస్తాను అన్నాను. చేసుకో అన్నాడు.

నేను ఎంతో ధీమాగా అయోడిన్ సీసా తీశాను. పిండి ఉన్న చోట అయోడిన్ చుక్క పడితే ముదురు నీలం రంగు వస్తుంది. చక్కెర మీద రాదు. ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. సీసాలోని పదార్థాన్ని సాసర్‌లో పోసి, ఒక చుక్క వేశాను.

రంగు మారలేదు. రెండో చుక్క వేశాను. అయోడిన్ రంగు తప్ప మరేదీ లేదు. అధికారి నా ముఖం చూసి, నీ పరీక్షే చెప్పేసింది కదా అన్నాడు. వెటకారంగా కాదు, జాలిగా అన్నాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

సన్యాసమ్మ నన్ను ఏమైందని అడిగింది. పిండి జాడ ఉంటే నీలం రావాలి, రాలేదు, నువ్వు ఈసారి ఏం చేశావు అన్నాను. నా గొంతు కొంచెం లేచి ఉంటుంది.

"కిందటిసారి అడుగున మడ్డి ఉందని మీరే అన్నారు గదా. మళ్లీ సోళ్లేసి, మళ్లీ ఉంచి, మళ్లీ వడగట్టినాను." తరువాత ఆమె ముఖంలో నిజమైన చిరాకు కనిపించింది. "పిండి మిగిలితే అది మిజుఅమె ఏటి బాబూ? గంజి. మొత్తం నీరైపోవాల. అందుకే గదా ఆ పేరు."

డే-బుక్ చూసుకుంటే నిజమే. 'సీసా అడుగున మడ్డి. సన్యాసమ్మకు చెప్పితిని' అని ముందటి వారం నా చేత్తో నేనే రాశాను. ఆమె పని మరింత బాగా చేసినందువల్ల నా రుజువు పోయింది. పిండి అంతా తీపిగా మారిపోయింది. పిండిని వెతకడం నా తప్పు. ఆ తీపి ఏ రకం తీపి అన్నదే అడగవలసిన ప్రశ్న.

అప్పుడు నాకు ఒక పాత కేసు గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడు ఒక ఫీల్డు గుమాస్తా పని ఎగ్గొట్టడానికి తనకు మధుమేహం ఉందని చెప్పుకున్నాడు. పరీక్షకు ఇచ్చిన మూత్రంలో ఇంటి చక్కెర రెండు చెంచాలు కలిపి తెచ్చాడు. మూత్రంలో చక్కెర చూడటానికి మేము వాడేది బెనెడిక్ట్ సొల్యూషన్ అనే నీలం మందు. మధుమేహం ఉంటే కాచినప్పుడు అది ఇటుక రంగుకు తిరుగుతుంది. గుమాస్తా తెచ్చిన సీసాకు ఈగలు ముసురుతున్నా మందు మాత్రం నీలంగానే ఉండిపోయింది. చెరకు చక్కెరకు ఆ మందు లొంగదు. రక్తంలో ఉండే చక్కెరకూ, పిండి విరిగి వచ్చే చక్కెరకూ లొంగుతుంది. ఆ గుమాస్తాను మర్నాడే పనిలోకి పంపించాను.

ఇంకొక్క పరీక్షకు అనుమతి అడిగాను. ఆసుపత్రి నుంచి స్పిరిట్ దీపం, రెండు గాజు గొట్టాలు, నీలం మందు తెచ్చాను. చక్కెర నాది కాకూడదని చెప్పి, అధికారి ముందున్న టీ పళ్లెంలోని చక్కెరనే తీసుకుని నీళ్లలో కరిగించాను. రెండు గొట్టాల్లోనూ సమానంగా నీలం మందు పోసి, ఒకదాంట్లో ఎనిమిది చుక్కలు చక్కెర నీళ్లు, రెండోదాంట్లో ఎనిమిది చుక్కలు నీళ్లు కలిపిన మిజుఅమె వేశాను. రెండింటినీ అధికారి చేతికే ఇచ్చి, దీపం మీద మీరే కాచండి అన్నాను.

చక్కెర గొట్టం మరిగింది. నీలంగానే ఉంది. రెండోది మొదట ఆకుపచ్చగా మారింది, తరువాత పసుపు, తరువాత మా దారి మట్టిలాంటి ఎరుపు. అధికారి గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. తరువాత ఒక మాట అడిగాడు. ఎవరు నేర్పారు ఈమెకు ఇదంతా? చెప్పాను. భర్త సంగతి కూడా చెప్పాను. అతను సాసర్‌లో మిగిలిన మిజుఅమెను వేలితో తీసి రుచి చూసి, ఆమెను వెళ్లమన్నాడు.

సన్యాసమ్మ వెళ్లలేదు. గేటు పుస్తకం వైపు చూపించింది.

"అందులో రాసినది కొట్టెయ్యమనండి బాబూ. సక్కెర దొంగ అని రాసినారు గదా. నా పిల్లల ఊసు దాంతో వస్తది."

నేను అనువదించాను. అధికారి నవ్వి, పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు గేటు దగ్గర సంతకాల పని ఉంది, అప్పుడు తానే సరిచేస్తానని చెప్పాడు. తన మాట చాలన్నాడు. ఆమె నన్ను అడిగింది: "సేస్తాడా?" చేస్తాడు, పద అన్నాను. ఆమె లైన్లకు వెళ్లిపోయింది. డే-బుక్‌లో పరీక్ష వివరాలు ఒక పుట నిండా రాశాను. చివర 'కేసు ముగిసింది' అని గీత గీశాను.

తరువాతి అయిదేళ్లను గురించి రాయాలంటే ఇప్పటికీ నా మనసు తేలికపడుతుంది. సోమవారం సోమవారం సీసా వచ్చేది. చీటీలో ఇప్పుడు 'ఆసుపత్రి మందు' అని ఉండేది. వరండాలో తల్లుల ఒళ్లలో పిల్లలు నోళ్లు తెరుచుకుని వరుసగా కూర్చునేవారు. లైన్ల వెనక చోళ్ల కంకులు గాలికి ఊగేవి. కుండకు గోనె చుట్టిన రోజు మూడో డివిజన్ అంతా తియ్యటి ఆవిరి వాసన వచ్చేది. మలేరియా తగ్గింది. మా ప్రాంతంలో ఆంక్షలు సడలాయి. కొప్పులు విప్పించడం ఆగింది. టీ సీసాల్లోకి చక్కెర తిరిగి వచ్చింది. అయినా పిల్లలు సన్యాసమ్మ తీపినే అడిగేవారు.

1957 ఆగస్టు 31, మెర్డెకా రోజు, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. ఉదయం తోట ఆఫీసు ముందు కొత్త జెండా ఎగరేశారు. తమిళులు, తెలుగువాళ్లు, దుకాణం నడిపే చీనా కుటుంబం, గేటు కాపలాదారులు అందరూ ఒకే చోట నిలబడి రేడియో విన్నారు. తరువాత సన్యాసమ్మ ఒక పెద్ద కుండ తెచ్చి చెట్టు నీడన పెట్టింది. కొబ్బరి ఈనెలు రెండేసి ముక్కలు ప్రతి పిల్లకూ ఇచ్చి, వాటి కొసన మిజుఅమె చుట్టింది. రెండు ఈనెల మధ్య సాగదీసి తిప్పుతూ ఉంటే తేనె రంగు పోయి, గాలి పట్టి, పాల తెలుపుకు తిరుగుతుంది. ఎవరిది ముందు తెల్లబడుతుందో అని పందెం. సన్యాసమ్మ పెద్ద కూతురు అప్పటికి పెళ్లయి చంటిపిల్లతో వచ్చింది. ఆ రోజు తిప్పుతూ తిప్పుతూ నా చొక్కా అంతా అంటించుకున్నాను. ఎవరూ డ్రెస్సర్ బాబు అని చూడలేదు. ఎగతాళి చేశారు.

ఆ సందడిలో ఆమె నా పక్కకు వచ్చింది.

"ఇప్పుడు మన రాజ్జెం అంటన్నారు. పేరు రాయించుకోమంటన్నారు. ఆ పుస్తకంలోది కొట్టేసినారు గదా బాబూ?"

"కొట్టేశారు," అన్నాను.

నేను చూడలేదు. అయిదున్నర ఏళ్లు ఆ గేటుకు ఎదురుగా కూర్చుని పనిచేశాను. దారి దాటితే పుస్తకం. ఒక్కరోజు వెళ్లి పుట తిప్పి చూడలేదు. చూడలేదని చెప్పడం ఆ వేడుకలో బాగుండదనిపించింది. ఆమె సరే బాబూ అని, నా చేతికి ఇంకో రెండు ఈనెలు ఇచ్చి వెళ్లింది. ఆమెకు పౌరసత్వం వచ్చింది, ఎవరూ ఆ పుస్తకం తీయలేదు. ఆమె 1979లో పోయింది. తన పేరు శుభ్రంగా ఉందన్న నమ్మకంతో పోయింది. ఆ నమ్మకం నేనిచ్చినదే.

ఇప్పుడు 1993. సన్యాసమ్మ మనవరాలు, మెర్డెకా రోజున తల్లి చంకలో ఉన్న ఆ పిల్లే, సుమతి, క్లాంగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తోంది. సెలవు రోజున పిల్లలతో ఆ ప్రదర్శనశాలకు వెళ్లి, తిన్నగా మా ఇంటికి వచ్చింది. సుమతికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ, మాట్లాడినా చివర ఇక్కడివాళ్ల 'లా' చేరుతుంది.

"తాతా, అమ్మమ్మ పేరు అక్కడ ఉంది లా. పెద్ద అక్షరాల్లో. మా అబ్బాయి చదివినాడు. 'అమ్మా, తాతమ్మ థీఫా?' అని అడిగినాడు. నేను ఏటి సెప్పను?"

మర్నాడే వెళ్లాను. అద్దాల పెట్టెలో గేటు పుస్తకం ఆ పుట దగ్గర తెరిచి ఉంది. పంక్తి మీద గీత లేదు. పక్కన నా చీటీ, నా సంతకంతో, పిన్నుతో గుచ్చి ఉంది. కింద వాళ్ల వివరణ ఇది: సన్యాసమ్మ అనే కూలీ అడవిలోని వారికి దొంగతనంగా పంపబోయిన చక్కెర పాకం, చీటీలోని జపనీస్ రహస్య పదానికి అర్థం తెలియదు.

అర్థం తెలియదని రాసినవారు అర్థం తెలిసినవాడు రాసిన మూడు లేఖలను పక్కన పెట్టారు. నా కోపం అంతవరకు వారి మీదే. మిగిలిన కోపం ఎవరి మీదో పై పేరాల్లో రాశాను. ఈ కేసు నాకు నేర్పినది ఒకటే. రుజువు చేయడంతో పని పూర్తి కాదు. రుజువైనది రాయవలసిన చోట రాశారో లేదో కళ్లతో చూసేదాకా 'కేసు ముగిసింది' అని గీత గీయకూడదు. గాజు గొట్టంలోని రంగును అంత శ్రద్ధగా చూసినవాడిని, ఒక పుటను చూడలేకపోయాను.

కాబట్టి, ఆ ప్రదర్శనశాల నిర్వాహకులకు ఈ వ్యాసం ప్రతిని నాలుగో లేఖగా పంపుతూ, ఈ కింది విధంగా కోరుతున్నాను.

అద్దాల పెట్టెలోని వివరణను తొలగించి, ఇలా రాయాలి: 'మిజుఅమె: నీళ్ల మిఠాయి అని అర్థం. పిండిని మొలకలతో పలచబరచి, వడగట్టి, కాచి చేసే పాతకాలపు జపాన్ తీపి. ఈ చీటీలో చెప్పిన సీసాలోని దాన్ని సన్యాసమ్మ కర్రపెండలంతో, చోళ్ల మొలకలతో, తోట ఆసుపత్రిలోని పిల్లల మందు కోసం చేసింది. దీనిలో చక్కెర లేదని 1952 మార్చి 13న పోలీసు అధికారి ఎదుట రుజువైంది.' చీటీలోని మాటను రాసినది ఆ ఆసుపత్రి డ్రెస్సర్ అనీ, పుస్తకంలోని పంక్తిని కొట్టివేశారో లేదో అతను ఎన్నడూ చూడలేదనీ దాని కిందనే చేర్చాలి. నా డే-బుక్‌లోని సంబంధిత పుటల నకళ్లు జతచేశాను. అసలు పుస్తకాన్ని ఎవరైనా మా ఇంటికి వచ్చి చూడవచ్చు.

ఇది చేసినట్లు ముప్పై రోజుల్లోగా రాతపూర్వకమైన జవాబు కావాలి. ఆ జవాబు సుమతి పేర పంపాలి. కొత్త వివరణను పెట్టెలో తన కళ్లతో చూసిన వ్యక్తే దాని మీద సంతకం చేయాలి. టెలిఫోన్‌లో చెబితే స్వీకరించను. నోటిమాటను నేను ఒకసారి నమ్మాను.